అల్పసంఖ్యాకులును సంఘపరివర్తనమును: రాజమహేంద్రవరపు వితంతు వివాహములు

కందుకూరి వీరేశలింగం పంతులుగారి స్వీయచరిత్రమును ఎం.ఏ. తరగతిలో బోధించుచుండగా ఒక విద్యార్థిని లేచి, పంతులుగారు తమ జీవితకాలమున జరిపించిన వితంతు వివాహము లెన్ని యని యడిగినది. సుమారు నలువది యని చెప్పితిని. "నలువదేనా?" యని యామె మఱల అడిగినది. ఆ ప్రశ్నలో ఆక్షేపణ లేదు. ఆశాభంగము మాత్రమే యున్నది. సంఖ్య ముఖ్యము కాదు, ఆదర్శము ముఖ్యమని నేనానాడు చెప్పిన సమాధానము అధ్యాపకులు తప్పించుకొనుటకు చెప్పెడి మాట. సంఖ్యయు ముఖ్యమే. 1881 మొదలు 1919 వఱకు ముప్పదియెనిమిది సంవత్సరములలో నలువది వివాహములు! గురజాడ అప్పారావుగారు కన్యాశుల్క నాటకమునకు 1897లో వ్రాసిన ఆంగ్లపీఠికలో మఱియొక లెక్క కలదు. విజయనగర మహారాజుగారి యాజ్ఞపై విశాఖపట్టణ మండలమున మూడు సంవత్సరములలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్కవివాహములకు పట్టిక సిద్ధపఱపగా అవి 1034గా తేలినవి. ఒక్క మండలమున, ఒక్క శాఖలో, మూడేండ్లలో దురాచారము సాధించిన సంఖ్య అది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి చూచువారికి వీరేశలింగంగారు ఓడిపోయినట్లే తోచును.

ఐనను, 1881లో వితంతు వివాహమునకు విందుకు వచ్చినవాడు ఊరిలో తలయెత్తి తిరుగలేకుండెను. అర్ధశతాబ్దము గడచునప్పటికి అట్టి వివాహము చేసికొన్నవానిని వెలివేయుట సాధ్యమైన పని కాదు. ఈ మార్పు ఎట్లు వచ్చినది? అధికసంఖ్యాకులు అల్పసంఖ్యాకుల వాదమును అంగీకరించుటచేత వచ్చినదని సామాన్యముగా చెప్పుదురు. నాకట్లు తోచదు. రాజమహేంద్రవరమున ఆ కొలదిమంది చేసినది పెక్కుమంది మనస్సులను గెలుచుట కాదు. ఆ పెక్కుమంది చేతిలోని 'వెలి' యను ఆయుధమును మొద్దుపఱచుట. మనస్సులు మాఱినచో అవి తరువాత, వేఱొక త్రోవను, మాఱినవి.

ఇక్కడ అల్పసంఖ్యాకు లెవరను ప్రశ్నను ముందుగా తేల్చుకొనవలసియున్నది. ఆంధ్రదేశమున శ్రమజీవులైన పెక్కు కులములందు మాఱుమనువు ఆచారసిద్ధమే. భర్త గతించిన స్త్రీ కులపెద్దల యెఱుకతో మఱియొకని ఇల్లు చేరుట వారిలో వింత కాదు. దానిని నిషేధించినవారు బ్రాహ్మణులు, వైశ్యులు, వారి యాచారముల ననుకరింపగోరిన మఱికొన్ని కులములవారు. తలలు లెక్కించినచో నిషేధమే అల్పసంఖ్యాకుల ఆచారము! కాని పరువు ఆ నిషేధమునకే యుండెను. నాలుగెకరములు సంపాదించి మర్యాదస్థులు కాగోరిన కుటుంబములు మొట్టమొదట విడిచిపెట్టినవానిలో మాఱుమనువు ఒకటి. కాబట్టి వీరేశలింగంగారు తిరుగబడినది సంఖ్యాబలముమీద కాదు, గౌరవబలముమీద. వారు అల్పసంఖ్యాకులలోని అల్పసంఖ్యాకులు. ఈ సంగతిని మనము తఱచుగా మఱచి, సమస్త హిందూసంఘమును ఒక ప్రక్కను, పంతులుగారిని ఒక ప్రక్కను నిలిపి చిత్రింతుము.

చట్టము వారికి ముందే వచ్చినది. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855లో శాస్త్రచర్చ నారంభించి ప్రభుత్వమునకు విన్నపము పంపినప్పుడు దానిపై చేవ్రాలు చేసినవారు సుమారు వేయిమంది; దానికి ప్రతికూలముగా రాధాకాంతదేవ్ గారి పక్షమువారు పంపిన విన్నపముపై ముప్పదివేలకు పైగా చేవ్రాళ్లుండెను. ఐనను 1856లో 15వ చట్టము శాసనమైనది. ఆ డిసెంబరులోనే కలకత్తాలో మొదటి వివాహమును జరిగినది. కాని చట్టము వివాహమును చెల్లుబడి చేయగలదే గాని పెండ్లిపందిటికి పురోహితుని పంపజాలదు. పునర్వివాహము చేసికొన్న స్త్రీకి పూర్వభర్త యాస్తిలో హక్కు పోవునని ఆ చట్టమే విధించినది. చెన్నపట్టణమున ఉన్నతోద్యోగులు కొందఱు 1870 తరువాత ఈ విషయమై ఒక సమాజమును నెలకొల్పిరి. వారికి విద్య, పదవి, ధనము అన్నియు నుండెను. పని మాత్రము సాగలేదు. చట్టము పుట్టిన ఇరువదియైదేండ్లకు గాని గోదావరితీరమున ఒక వివాహము జరుగలేదు. ఆ వివాహమును జరిపించినవాడు ఉన్నతోద్యోగి కాడు. పాఠశాలలో తెలుగు చెప్పుకొను పండితుడు.

తెలుగు పండితుడగుట చిన్నతనముగా కనబడవచ్చును గాని, ఈ కథలో అది యొక బలము. ఆయనకు జీతమిచ్చినది ప్రభుత్వ పాఠశాల. అగ్రహారపు భూమిమీదను, యజమానుల దక్షిణమీదను, కులమువారి దయమీదను ఆయన అన్నము ఆధారపడియుండలేదు. 1874లో 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించిరి. అనతికాలమున స్వంత ముద్రాలయమును ఏర్పఱచుకొనిరి. ఉద్యోగుల లంచములను బయలుపెట్టుటచే ఆ పత్రికకు భయముతో కూడిన గౌరవ మేర్పడినది. ఆ యేడే ధవళేశ్వరమున బాలికాపాఠశాల వెలసినది. చెన్నపట్టణమునుండి కొక్కొండ వేంకటరత్నము పంతులుగారు 'ఆంధ్రభాషాసంజీవని'లో స్త్రీవిద్యను ఖండింపగా వీరు బదులు వ్రాసిరి. వారు 'హాస్యవర్ధని' పెట్టగా వీరు 'హాస్యసంజీవని' పెట్టిరి. ఈ పత్రికల పోరాటమును మన సాహిత్యచరిత్రలు వినోదముగా చెప్పి విడిచిపెట్టును. దానివలన కలిగిన ఫలమొకటి కలదు. స్త్రీలకు చదువు వలయునా వలదా యన్నది అంతకు ముందు ఇంటిలో పెద్దలు తేల్చెడి మాట. ఇప్పుడది అచ్చులో ఇరువైపుల వాదములు చదివి ఎవనికి వాడు తేల్చుకొనదగిన మాట యైనది. ప్రతిపక్షము నోరు తెఱచిన క్షణమునుండి ఆచారము వాదముగా మాఱును. ఆ తరువాత దానికి ఓటమి సంభవమగును.

1878లో సంఘసంస్కరణ సమాజము ఏర్పడినది. 1879 ఆగష్టులో పంతులుగారు వితంతు వివాహముపై మొదటి ఉపన్యాస మిచ్చిరి. భర్త కనబడకపోయినను, గతించినను, సన్న్యసించినను, నపుంసకుడైనను, పతితుడైనను స్త్రీ మఱియొకని పతిగా పొందవచ్చునను పరాశరస్మృతి వచనము వారికి ఆధారము. విద్యాసాగరులకును అదియే ఆధారము. పండితులు ఎదురువాదములు తెచ్చిరి. వీరు ప్రత్యుత్తర మిచ్చిరి. శాస్త్రార్థమున ఎవరు గెలిచిరన్న ప్రశ్నకు నేను పెద్ద విలువ నీయను. ఉభయపక్షములందును స్మృతివచనమునుబట్టి నిర్ణయము మార్చుకొన్న పండితు లరుదు. కాని ఆ చర్చ ఒక మేలు చేసినది: సంస్కర్తలు స్వధర్మమును విడిచినవారను మాట అతుకకుండ పోయినది. తమ గ్రంథముతోనే తమ్మెదిరించువానిని పరాయివా డనుట కష్టము.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున పంతులుగారి యింట గోగులపాటి శ్రీరాములుగారికిని బాలవితంతువైన గౌరమ్మగారికిని వివాహము జరిగినది. నాలుగు దినములకే రెండవ వివాహము జరిగినది. పోలీసు బందోబస్తు, విద్యార్థుల కావలి, ఊరంతయు కలకలము – ఇవి మనకు తెలిసినవే. తరువాతి నెలలలో ఏమి జరిగినదో అది యెక్కువ చెప్పుకొనదగినది. శంకరపీఠము పేర బహిష్కారపత్రములు వచ్చినవి. పెండ్లి చేసికొన్నవారు, చేయించినవారు, విందు గుడిచినవారు, అందఱును వెలి.

వెలి యనగా నేమి? నేటి విద్యార్థులకు అది యొక తిరస్కారముగా, మాటలాడకుండుటగా తోచును. అంతకంటె అది పనివారి వ్యవహారము. ఇంటికి పురోహితుడు రాడు. వంటబ్రాహ్మణుడు మానును. బావికి పోరాదు, నీరు తెచ్చువాడు రాడు. తద్దినమునాడు భోక్తలు దొరకరు; అనగా తండ్రికి పిండము పెట్టుకొను మార్గము మూతపడును. కూతునకు సంబంధము రాదు; అత్తవారింటనున్న కూతురు పుట్టింటికి రాలేదు. ఇంటిలో ఎవరైన గతించినచో మోయుటకు నలుగురు రారు. ఈ చివరిదానికే మనుష్యులు ఎక్కువ భయపడిరి. వెలికి ప్రత్యేకమైన భటులు లేరు, చెఱసాల లేదు. ఊరిలో ప్రతివాడును తన చిన్నపనిని మానుకొనుటయే దాని బలము. ప్రతివాడును మానుకొనవలెను, ఒక్కడు మానకున్నను అందులో ఒక కన్నము పడును.

ఇందువలననే మొదటి దెబ్బకు సంస్కర్తలలో పెక్కుమంది తట్టుకొనలేకపోయిరి. విందుకు వచ్చినవారిలో కొందఱు ప్రాయశ్చిత్తము చేయించుకొని మఱల కులమున కలిసిరి. వారిని పిఱికివారని వెక్కిరించుట నాకిష్టము లేదు. సర్కారు జీతము గలవాని వెలి వేఱు, ఉమ్మడి కుటుంబమున తండ్రి చాటున బ్రతుకువాని వెలి వేఱు. అల్పసంఖ్యాకుల ధైర్యమును కొలుచునప్పుడు వారి జీవనాధారమునుకూడ కొలువవలెను. ఈ విషయమున మన జీవితచరిత్రకారులు వీరపూజలో పడి, ఎవరు నిలిచిరో చెప్పిరే గాని ఎవరు ఏ ఆధారముతో నిలిచిరో చెప్పలేదు.

నిలిచినవారు చేసిన పని, వెలి లాగుకొన్న ప్రతిసేవకును ఒక మాఱును కనుగొనుట. వంశపురోహితుడు రాకున్న ధనమిచ్చి మఱియొకని కుదుర్చుకొనిరి. వంటవాడు మానినచో ఇంటివారే వండిరి. ఊరిలోని బంధువులు రాకున్న విద్యార్థులు వచ్చిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు పదివేల రూపాయలు ఇచ్చిరి. బ్రాహ్మణ వితంతువుల వివాహములకు వైశ్యుని ధనము ఆధారమగుట ఆ కాలమున చిన్న సంగతి కాదు. దంపతులకు ఉండ నిల్లు, వరునికి ఉద్యోగము, బిడ్డల బాలసారెకు వచ్చు నలుగురు – ఇట్లు వెలుపల నొక చిన్న ఊరు తయారైనది. అందు పది కుటుంబము లుండిన చాలును, పదునొకండవ కుటుంబమునకు భయము సగము తగ్గును. పంక్తిభోజనమునకు పంక్తి కావలెను గాని సమస్తసంఘము అక్కఱలేదు.

ఈ ఊరిని నిలిపినవారిలో ఎక్కువ బరువు మోసినది పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు. బంధువులు భర్తను విడిచి రమ్మనిరి, ఆమె పోలేదు. వంటవారు పోగా పెండ్లివంట తానే చేసినది. నీరిచ్చువారు లేకపోగా గోదావరికి పోయి బిందెతో తెచ్చుకొన్నది. దిక్కులేక వచ్చిన గర్భవతులైన వితంతువులకు పురుళ్లు పోసినది. వ్యాసకర్తలు ఈమెను 'తగిన సహధర్మచారిణి' యను రెండుమాటలలో ముగించుట పరిపాటి. కాని వెలి ఆయుధము తగులునది మొట్టమొదట వంటింటికి; అక్కడ ఆమె లొంగినచో ఉపన్యాసములు, పత్రికలు, పరాశరస్మృతి అన్నియు ఒక వారములో ముగిసెడివి. భర్త వాదమును నడపెను. వాదము నిలుచుటకు వలసిన దినచర్యను ఆమె నడపెను. ఆమె 1910లో గతించినది.

దోషములు లేకపోలేదు. ధనసహాయముమీద నిలిచిన వివాహములలో సహాయము చాలలేదను తగవులు పుట్టినవి. ఆదర్శముకంటె ఆశతో ముందుకు వచ్చిన వరులుండిరి. పంతులుగారు వారిచే మాటలు పడిరి. వధూవరులను శాఖ తప్పకుండ వెదకుటచే పని మఱింత ఇఱుకైనది. కులములో పుట్టిన నిషేధమును కులము హద్దులలోనే ఎదిరింపబూనుట వారి మార్గము. దానిచే ధర్మచ్యుతులను మాట తప్పినది, కాని విస్తారమును తప్పినది. మాఱుమనువు గల కులములను చూపి, 'ఇది మన దేశపు ఆచారమే' యని వాదించిన బాగుండెడిదని నాకు తోచును. గౌరవమును క్రిందినుండి తెచ్చుకొనవచ్చునను ఊహ ఆ తరమువారికి సులభముగా రాలేదు.

అల్పసంఖ్యాకుల ప్రభావమును ఇటీవలి మనశ్శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పరీక్షించిరి. 1969లో ఫ్రాన్సుదేశమున సెర్జ్ మాస్కోవిసి యను శాస్త్రజ్ఞుడు సహచరులతో కూడి ప్రకటించిన ప్రయోగము ప్రసిద్ధము. ఆఱుగురిని కూర్చుండబెట్టి నీలపు చిత్రములను చూపిరి. వారిలో ఇద్దఱు ముందే కుదుర్చుకొన్నవారు. అవి ఆకుపచ్చ యని చెప్పుదురు. వారు ప్రతిమాఱును తడబడక అట్లే చెప్పినప్పుడు తక్కినవారి సమాధానములలో నూటికి ఎనిమిదికి పైగా ఆకుపచ్చవైపు మొగ్గినవి. ఒకమాఱు నీలమని, ఒకమాఱు ఆకుపచ్చ యని చెప్పినప్పుడు నూటికి ఒకటి దాటి కొంచెము మాత్రమే. పట్టుదలయే పలుకుబడి యని దీని తాత్పర్యము. పంతులుగారి విషయమున ఇది కొంత నిజమే. కాని ప్రయోగశాలలో ఆకుపచ్చ యన్నవానికి ఎవరును నీళ్లు మాన్పలేదు. ఇక్కడి ప్రజలు చూచినది ఆయన ఒకే మాట అనుచుండుటను మాత్రమే కాదు. ఆ మాటకు ఆయన ఇల్లు చెల్లించిన వెలను. వెల చెల్లించియు బ్రతికియుండుటను ఇంకను ఎక్కువగా చూచిరి. వెలివేయబడినవాడు కూలిపోవలెను, అది నియమము. ఈయన కూలలేదు. 1898లో చెన్నపట్టణమున జరిగిన సంఘసంస్కరణ మహాసభకు అధ్యక్షుడైనాడు. రానడేగారిచే దక్షిణదేశపు విద్యాసాగరు డనిపించుకొనెను. ఊరిపెద్దలకు ఇది దిగమింగరాని విషయము.

ఒక యూహకు బలము వచ్చినదని తెలిసికొనుటకు దాని అనుచరులను లెక్కించుట ఒక మార్గము. దానిని దొంగలు వాడుకొనుచున్నారా యని చూచుట మఱియొక మార్గము. 1892లో మొదట ప్రదర్శింపబడిన కన్యాశుల్కమున గిరీశము వితంతు వివాహమును గుఱించి చెప్పెడి ఉపన్యాసములు మనకందఱకును తెలిసినవే. ఆ యుపన్యాసముల చాటున అతని కన్ను బుచ్చమ్మమీద. కొందఱు దీనిని సంస్కరణోద్యమముపై అప్పారావుగారి విసురుగా తలంతురు. అందు కొంత యుండవచ్చును. కాని మొదటి వివాహమునకు పదకొండేండ్లలోనే ఒక టక్కరివాడు సంస్కర్త వేషము వేసికొనుట లాభకరమని తలచినాడన్న, ఆ వేషమునకు అప్పటికే ఏదో చోట, ఎవరో కొందఱియెదుట, విలువ కలిగియుండవలెను గదా! చెల్లని నాణెమునకు ఎవడును దొంగనాణెము పోయడు. 1909 నాటి కూర్పులో బుచ్చమ్మ గిరీశమునకు దక్కక పూనాలోని వితంతు శరణాలయమునకు పంపబడినది. ఆమెకు వివాహముకంటె ముందు చదువు కావలెనని నాటకకర్త గ్రహించెను. ఆ దారినే తరువాతివారు నడచిరి. పంతులుగారు 1906లో తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు ధారపోసిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో గుంటూరున శారదానికేతనమును స్థాపించిరి. వితంతువు పెండ్లికూతురు కావలెనను పట్టు సడలి, ఆమె విద్యార్థిని, ఉపాధ్యాయిని కావచ్చునను భావము ముందుకు వచ్చినది.

చిట్టచివరకు సమస్యను తీర్చినది వితంతు వివాహము కాదు, వివాహవయస్సు పెరుగుట. బాలవధువు లేనిచోట బాలవితంతువు లేదు. 1929లో బాల్యవివాహ నిరోధక శాసనము వచ్చి, మఱునాటి యేప్రిలునుండి అమలైనది. కన్యకు పదునాలుగేండ్లు నిండవలెనని విధి. గోదావరి మండలముల వారికి దీనినుండి తప్పించుకొను త్రోవ దగ్గఱనే యుండెను. ఫ్రెంచివారి యేలుబడిలోని యానామునందు ఈ శాసనము చెల్లదు. కాన పెండ్లివారు బండ్లు కట్టుకొని అక్కడికి పోయి శుభకార్యములు ముగించుకొని వచ్చెడివారు. ఆ యూరికి కల్యాణపురమను పేరుకూడ వచ్చినది.

ఇక్కడ మా యింటి సంగతి యొకటి చెప్పుటకు పాఠకులు మన్నింతురు గాక. మా మాతామహికి ఒక మేనత్త యుండెను. కోనసీమలోని యొక అగ్రహారమున పుట్టి, తొమ్మిదవ యేట భర్తను పోగొట్టుకొని, తమ్ముని పంచను బ్రతికినది. తలవెండ్రుకలు తీయించుకొన్నది, ఒంటిపూట భోజనము, తెల్లని పంచె, ఏకాదశి ఉపవాసము జీవితాంతము తప్పలేదు. పంతులుగారి పేరు ఆమె విన్నది తిట్టుగానే. ఆ యూర అల్లరిపిల్లలను 'వీరేశలింగం శిష్యుడా' యని తిట్టెడివారట. ఆమె ఆయన గ్రంథమొకటి చదువలేదు, చదువుట రాదు. మా మాతామహికి పదకొండేండ్లు నిండినప్పుడు పెద్దలు సంబంధము కుదిర్చి యానామునకు ప్రయాణము కట్టిరి. బండి వాకిటికి వచ్చినది. ఆమె లోపలినుండి వచ్చి వీధిగుమ్మమునకు అడ్డముగా కూర్చుండి, "దీనికి పదునాలుగు నిండవలెను. ముందే పోదురా, నన్ను దాటి పొండి" అనెనట. మడికట్టుకొన్న ఆ ముసలమ్మను ముట్టి లేపుటకు ఎవరికిని చేతులు రాలేదు. తమ్ముడు కోపగించి రెండు దినములు భోజనము మానెను. ఆమెయు మానినది.

బండి తిరిగి పోయినది. మా మాతామహికి పదునాఱవ యేట వివాహమైనది, రాజమహేంద్రవరముననే.